ఛానల్ మీదే, పాటలు ఎవరివి?

హన్మకొండ నుంచి 29 ఏళ్ల పాఠకుడొకరు రాసిన ఉత్తరం పెద్దది. ముఖ్యమైన సంగతులు ఇవి.

పగలు ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తారు. రెండేళ్ల కింద చిన్ననాటి దోస్తుతో కలిసి జానపద పాటల లేబుల్ మొదలుపెట్టారు. ఇప్పటికి 14 పాటలు వచ్చాయి: మూడు బతుకమ్మవి, రెండు మేడారం జాతరవి, ఒకటి బోనాలది, మిగిలినవి బావామరదళ్ల పాటలు. ఖర్చు 5 లక్షల 60 వేలు. యూట్యూబ్ నుంచి వచ్చింది 1 లక్షా 38 వేలు. మొత్తం 61 లక్షల వ్యూస్‌లో 42 లక్షలు ఒక్క పాటవే. దాన్ని పాడిన ములుగు దిక్కు అక్కకు 5 వేలు, రాసినాయనకు 3 వేలు ఫోన్‌పే చేశారు. కాగితం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు ఆ అక్క అదే పాటను కొత్త మ్యూజిక్‌తో వేరే ఛానల్‌కు పాడింది. ఒక బతుకమ్మ పాట తమదేనని ఏదో కంపెనీ యూట్యూబ్‌లో క్లెయిమ్ వేసింది. ఛానల్ దోస్తు జీమెయిల్‌తో ఉంది, పైసలూ అతని ఖాతాలోనే పడతాయి. ఈ మధ్య హైదరాబాద్ కంపెనీ ఒకటి 14 పాటలూ శాశ్వతంగా రాసిస్తే 3 లక్షలు ఇస్తామంది. నాయిన అమ్మేయమంటున్నారు. బావ మాత్రం 5 లక్షలు చేబదులు ఇస్తాను, డ్రోన్లు పెట్టి పెద్దగా తీయమంటున్నారు. ‘అక్క మీద స్ట్రైక్ (వీడియో తీసేయమని యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు) వేయాలా, కంపెనీకి అమ్మాలా, బావ పైసలు తీసుకోవాలా?’ అని అడిగారు.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ మూడింటికీ అడ్డుపడుతున్నది ఒక్కటే. మన దిక్కు ఎవరూ లేబుల్ పెట్టాడు అనరు, ఛానల్ పెట్టాడు అంటారు. మీరు కూడా రెండేళ్లుగా ఛానలే నడిపారు. ఛానల్ దుకాణం లాంటిది. లేబుల్ అంటే ఆ దుకాణంలోని సరుకు మీద హక్కు. భూమి భాషలో చెప్పాలంటే మీరు మోక మీద (అనుభవంలో) ఉన్నారు, పట్టా లేదు. సాదా బైనామా (తెల్లకాగితం మీది అమ్మకం రాత) కూడా లేదు.

ఒక పాటలో హక్కులు ఎన్ని పొరలుగా ఉంటాయో చూడండి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, స్టూడియోలో తయారైన రికార్డింగు ఒకటి. వీటికి తోడు గాయనికి తన గానం మీద ఉండే హక్కు వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు కర్త నిర్మాత, అంటే దాన్ని తలపెట్టి బాధ్యత మోసినవారు. కాబట్టి మాస్టర్ రికార్డింగు (స్టూడియోలో తయారైన అసలు రికార్డింగు) మీద మీకు గట్టి పట్టే ఉంది. స్టూడియో బిల్లులు, ట్రాక్ (వాయిద్య సంగీతం) చేసినాయనకు పంపిన పైసల రసీదులు దానికి సాక్ష్యం. ఆ బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో మాత్రం చూసుకోండి, మీ దోస్తు పేరునే ఉంటే ఆ పట్టు అతనిదీ అవుతుంది. ఇక సాహిత్యం, బాణీ సంగతి వేరే. జీతగాడు కాని రచయితకు 3 వేలు ఇచ్చినంత మాత్రాన ఆ సాహిత్యం మీది కాదు. హక్కు బదిలీ కావాలంటే అది రాతలో ఉండాలి, ఇచ్చినవారు సంతకం చేయాలి. వాట్సాప్‌లో ‘అన్నా పాట వాడుకో’ అన్న మెసేజ్ ఆయనకు ఇష్టమే అని చూపించడానికి పనికొస్తుంది, యాజమాన్యం మారిందని చూపించడానికి పనికిరాదు.

ఇప్పుడు అక్క విషయం. ఆమె మీ ఆడియోను కోసి వాడితే అది మీ రికార్డింగును కాపీ చేయడమే. కానీ ఆమె కొత్త ట్రాక్ మీద, కొత్తగా గొంతు సవరించుకుని పాడింది. అది మీ రికార్డింగుకు కాపీ కాదు. దానికి అనుమతి ఇవ్వాల్సింది సాహిత్యం, బాణీ ఎవరివో వాళ్లు. ఇవాళ్టి లెక్కన వాళ్లు మీరు కారు. కాబట్టి స్ట్రైక్ వేస్తే ఏమవుతుందంటే, అవతలి ఛానల్‌వాళ్లు మీ ఫిర్యాదు తప్పంటూ కౌంటర్ నోటిఫికేషన్ పెడతారు. ఆ తర్వాత పది పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్లినట్టు యూట్యూబ్‌కు చూపించాలి. చూపలేకపోతే వాళ్ల వీడియో మళ్లీ పైకి వస్తుంది. తప్పుడు ఫిర్యాదు అని తేలితే దెబ్బ మీ ఛానల్‌కే. ఇంకోటి, హన్మకొండ నుంచి భూపాలపల్లి దాకా జానపదం పాడేవాళ్లంతా ఒకరికొకరు ఎరుకే. 42 లక్షల వ్యూస్ తెచ్చిన అక్కకు 5 వేలు ఇచ్చి స్ట్రైక్ కూడా వేశాడన్న మాట మీ తర్వాతి పాటకంటే ముందే ఊళ్లు తిరుగుతుంది.

స్ట్రైక్ కాకుండా మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ముందు రచయిత దగ్గరికి వెళ్లి సాహిత్యం హక్కు రాయించుకోవడం. ట్రాక్ చేసినాయనే బాణీ కట్టి ఉంటే ఆయన దగ్గరా అంతే. ఆ రెండు కాగితాలూ చేతిలో ఉంటే అవతలి ఛానల్‌తో మాట్లాడే బలం వస్తుంది. అయితే రచయిత ఇప్పటికే వాళ్లకు అనుమతి ఇచ్చి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. అది ముందే అడిగి తెలుసుకోండి. రెండోది, ఆ రెండో వర్షన్‌ను దాని మానాన వదిలేసి, అక్కతో మీ వర్షన్ వరకు ఒప్పందం చేసుకోవడం: ఇకమీద ఆ పాట మీద వచ్చేదాంట్లో ఆమెకింత వాటా అని. కమర్షియల్ వాడకంలో గాయకులకు రాయల్టీ హక్కు చట్టంలోనే ఉంది, కాబట్టి ఇది మీరు దానం చేస్తున్నట్టు కాదు. నా మొగ్గు రెండోదాని వైపు. మొదటిదాంట్లో గెలిచినా మీకు దక్కేది పడిపోతున్న వ్యూస్‌లో కొంత. రెండోదాంట్లో మళ్లీ పాడే గొంతు దక్కుతుంది.

అసలు కాగితాల దగ్గరికి వద్దాం. 14 పాటలకూ ఒక పట్టిక వేయండి: పాట పేరు, రాసినవారు, బాణీ, పాడినవారు, ట్రాక్, ఎవరికెంత ఇచ్చారు, ఏ తేదీన, రుజువు ఏమిటి. ఆ తర్వాత ఒక్కొక్కరితో రికార్డింగు తేదీ నుంచి వర్తించేలా ధ్రువీకరణ పత్రం. వకీలుతో ఒక నమూనా రాయించుకుంటే 14 పాటలకూ అదే పనికొస్తుంది. తెలుగులోనే రాయించండి, సంతకం పెట్టేవాళ్లకు చదివి వినిపించండి. అందులో తప్పకుండా ఉండాల్సినవి: ఏ పాట, ఏ ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో, ఎంత డబ్బు, వాటా ఉంటే ఎంత. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. మన పాటలకు దుబాయి, మస్కట్‌లలో వినేవాళ్లు ఎందరో మీ అనలిటిక్స్‌లో చూడండి. ‘ప్రపంచమంతటా’ అన్న ఒక్క మాట రాయకపోతే వాళ్ల లెక్క మీ హక్కులోకి రాదు. ఇంకో మెలిక ఉంది. హక్కు తీసుకుని ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోనప్పుడు అది చెల్లిపోతుంది. రాయించుకుని డ్రైవ్‌లో పడేసిన పాటలుంటే జాగ్రత్త.

2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను లేబుల్‌కు వదులుకోవడం కుదరదు. ‘భవిష్యత్తులో ఏమీ అడగను’ అని మీరు రాయించుకున్నా ఆ వాక్యం నిలవదు. వాళ్లను ఐపీఆర్ఎస్‌లో (రచయితలు, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యులుగా చేరమనండి. వాళ్ల రాయల్టీలో చాలా భాగం అటునుంచి వస్తే మీమీద లెక్కల బరువు తగ్గుతుంది.

ఇక వాటా ఎలా వేయాలన్నది. ఒక లెక్క చూడండి. పాటకు 40 వేలు ఖర్చు, 1 లక్ష రాబడి అనుకుందాం. ముందు ఖర్చు తీసేస్తే మిగిలేది 60 వేలు. లేబుల్‌కు సగం, గాయనికి 20 శాతం, రచయితకు, స్వరకర్తకు చెరి 15 శాతం అనుకుంటే 30 వేలు, 12 వేలు, 9 వేలు, 9 వేలు. ఇది వినడానికి బాగుంటుంది. కానీ ఆరు నెలలకోసారి యూట్యూబ్ స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్‌తో సహా అందరికీ లెక్క పంపాలి, రాబడి సున్నా ఉన్నప్పుడు కూడా. పంపలేనివాళ్లు చట్టం ప్రకారం ఇవ్వాల్సిన రాయల్టీ పైన ఇంకో వాటా మాట ఎత్తకుండా, మొదట్లోనే ఎక్కువ ఇవ్వడం మేలు. ఇస్తానని లెక్క చూపనివాడికంటే ఏమీ ఇవ్వనివాడి మీదే జనానికి కోపం తక్కువ.

బతుకమ్మ పాట క్లెయిమ్ సంగతి. క్లెయిమ్ వివరాలు తెరిస్తే ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం వరకు, దేనితో సరిపోలిందో కనిపిస్తుంది. బాణీతో సరిపోలిందా, రికార్డింగుతోనా అన్నది ముందు చూడండి. రికార్డింగుతో అయితే నూటికి తొంభై పాళ్లు నేరం పాటది కాదు, లూప్‌ది (పదేపదే తిరిగే వాయిద్యం ముక్క). మీ ట్రాక్ మాస్టర్ కీబోర్డులో ఉన్న రెడీమేడ్ డప్పు లూప్‌నే ఇంకో పది మంది వాడి ఉంటారు, వాళ్లలో ఒకరు కంటెంట్ ఐడీలో (పాటలను పోల్చి పట్టే యూట్యూబ్ వ్యవస్థ) పెట్టి ఉంటారు. నిజానికి అలాంటి లూప్ ఉన్న ట్రాక్‌ను కంటెంట్ ఐడీకి ఇవ్వకూడదు, ఇస్తున్నారు. బాణీతో సరిపోలితే మాత్రం ఒక్కసారి నిజాయితీగా ఆలోచించండి. ‘ఉయ్యాలో’ అందరిదీ. అమ్మమ్మ పాడిన పదాలూ అందరివే. కానీ ఒకప్పుడు క్యాసెట్లలో వచ్చి ఊరంతా పాకి, ఇప్పుడు జానపదమే అనిపించే పాటలు చాలా ఉన్నాయి. వాటికి రాసినవారున్నారు. రచయిత కాలం చేశాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది.

పాట నిజంగా ఊరిదే అయితే ఆ క్లెయిమ్ మీద డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లో వేస్తే మొదటి రోజు నుంచీ రాబడి పక్కన పెడతారు, ఆలస్యమైతే వేసిన రోజు నుంచే. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మీ ఉత్తరం చూస్తే ఆ 5 రోజులు దాటిపోయాయి, ఇక తొందరపడి తప్పుడు కారణం రాయకండి. ఆ పాట మీకు నేర్పిన పెద్దమ్మతో ఫోన్‌లో పాడించి రికార్డు చేసుకోండి, ఆమె పేరు, ఊరు, తేదీ ఆమె నోటితోనే చెప్పించండి. రేపు ఎవరితో వాదించాల్సి వచ్చినా పనికొస్తుంది. పాట ఏ ఊరిదో వివరణలో రాయడానికీ పనికొస్తుంది. చాలా ఛానళ్లు ఈ మర్యాద పాటించవు.

ఛానల్ దోస్తు జీమెయిల్‌తో ఉండటం మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే. నన్నడిగితే అన్నింటికంటే ముందు తేల్చాల్సింది అదే. అతని మీద అనుమానంతో కాదు. అతని ఫోన్ పోయినా, పెళ్లయి దుబాయి వెళ్లినా, ఇంట్లో గొడవ వచ్చినా మీ రెండేళ్ల కష్టం ఆ పాస్‌వర్డ్ వెనకే ఉండిపోతుంది. ఛానల్‌ను బ్రాండ్ అకౌంట్‌లోకి (ఒకరికంటే ఎక్కువమంది నడపగల గూగుల్ ఖాతా) మార్చి ఇద్దరూ ఓనర్లుగా చేరండి. కొత్తగా చేరిన ఓనర్ 7 రోజులు ఆగితే గానీ ప్రైమరీ ఓనర్ కాలేడు, తొందరపడి ఏదో చెడిందనుకోకండి. యాడ్‌సెన్స్ (యూట్యూబ్ పైసలు వచ్చే గూగుల్ ఖాతా) మార్పు 32 రోజులకు ఒక్కసారే కుదురుతుంది కాబట్టి అది చివర్లో చేయండి: ముందు భాగస్వామ్య పత్రం, దానితో ఫర్మ్ పాన్ కార్డు, బ్యాంకులో కరెంటు ఖాతా, ఆ తర్వాత యాడ్‌సెన్స్. భాగస్వామ్య పత్రాన్ని రిజిస్టర్ చేయించండి. తప్పనిసరి కాదని ఎవరైనా చెప్తే అది నిజమే, కానీ రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద ఒప్పందం తాలూకు దావా వేయలేదు. లేబుల్‌కు ఉన్న ఆస్తంతా ఒప్పందాలే. ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్‌తో ఇంట్లోంచే అయిపోతుంది. అది ఉంటే లేబుల్ పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 9 వేలకు బదులు 4,500తో పోతుంది. ట్రేడ్‌మార్క్ ఈ ఏడాదే కానక్కర్లేదు, మీ పేరు ఇంకెవరూ వాడటం లేదని మాత్రం చూసుకోండి. జీఎస్టీ సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే, ఇప్పటికి దాని బెంగ వద్దు.

కంపెనీ 3 లక్షల మాట. ఇప్పుడు నెలకు 6 వేలు వస్తోందని రాశారు. ఆ లెక్కన 3 లక్షలంటే నాలుగేళ్ల రెండు నెలల రాబడి. ఒక్క హిట్ పాట చూపి ధర అడిగితే ఇది చెడ్డ బేరం కాదు, ఎందుకంటే బావామరదళ్ల పాట వ్యూస్ ఏటా తగ్గేవే. కానీ బతుకమ్మ పాటలు ఏటా ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తిరిగి లేస్తాయి, మేడారం పాటలు రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లేస్తాయి. కంపెనీవాళ్లకు అది తెలుసు. హిట్ పాటకు ధర కట్టినట్టు కట్టి పండుగ పాటలు మూట కట్టుకుపోతున్నారు. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. శాశ్వతం అన్న మాట వెనక ఉన్నది అదీ.

అంతకంటే పెద్ద ప్రమాదం ధరలో లేదు. వాళ్లు పంపే పత్రంలో ఎక్కడో ‘ఈ పాటల మీద సర్వహక్కులూ నావే, ఎవరైనా దావా తెస్తే నష్టం నేనే భరిస్తాను’ అని ఉంటుంది, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ మీరు అందులో సంతకం పెడితే మీ దగ్గర లేనిదాన్ని అమ్మినట్టు. రేపు రచయిత నోటీసు పంపితే ఆ 3 లక్షలూ మీ జేబులోంచే పోతాయి, దోస్తు వాటా లక్షన్నరతో సహా.

కాగితాలు అయ్యాక దారులు మూడు. అన్నీ అమ్మేయడం: పెట్టిన ఖర్చు కొంత తిరిగొస్తుంది, నాయినకు నిమ్మళం, కానీ మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ పాటలను మీ ఛానల్‌లోంచే తీసేయమంటారేమో అడగండి, చాలాసార్లు అంటారు. హిట్ ఒక్కటే అమ్మి, ఏడు నెమ్మదైన పాటలు, పండుగ పాటలు ఉంచుకోవడం రెండోది: డబ్బు తగ్గుతుంది, రేపటి పంట మిగులుతుంది. మూడోది అమ్మకుండా 5 ఏళ్ల లైసెన్సు, ఆడియోకు మాత్రమే, వీడియో మీ ఛానల్‌లోనే. ముందుగా కొంత అడ్వాన్సు, ఆ పైన వాటా. కంపెనీలు మొదట దీనికి ఒప్పుకోవు, కాగితాలన్నీ సక్రమంగా ఉన్న లేబుల్‌తో రెండో మాటకు దిగుతాయి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు అసలు ప్రాజెక్టు ఫైళ్లు, విడి ట్రాకులు, 24 బిట్ వేవ్ మాస్టర్లు (పూర్తి నాణ్యత ఉన్న ఆడియో ఫైళ్లు) ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. చాలామంది స్టూడియో కంప్యూటర్‌లోనే వదిలేస్తారు, హార్డ్‌డిస్క్ పోతే పాటా పోతుంది.

ఆడియో ఇప్పటిదాకా యూట్యూబ్ దాటలేదని రాశారు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా మిగతా యాప్‌లకు, రీల్స్ ఆడియోకు ఇవ్వండి. ఏడాది చందా తీసుకునేవాళ్లు ఉన్నారు, చందా ఆపితే సాధారణంగా పాటలు దిగిపోతాయి. శాతం తీసుకునేవాళ్లు ఉన్నారు, చందా ఉండదు కానీ బయటికి రావడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో ఒప్పందంలో చూడాలి. ఎవరితో వెళ్లినా ప్రతి పాటకు ఇచ్చే ఐఎస్ఆర్‌సీ నంబరు (రికార్డింగును గుర్తుపట్టే సంఖ్య) మీ పట్టికలో రాసుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే నంబరు ఇస్తేనే పాత ప్లేలు పాట వెంట వస్తాయి. గాయని పేరు ఒక పాటకు ఒకలా, ఇంకో పాటకు ఇంకోలా రాస్తే యాప్‌లో ఇద్దరు మనుషులవుతారు. స్పాటిఫైలో 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు రాని పాటకు పైసా రాదు, కాబట్టి అక్కడి నుంచి పెద్దగా ఆశించకండి. రీల్స్‌లో మన పాట ఆడితే బరాత్ డీజేకు చేరుతుంది, డీజే నుంచి మళ్లీ యూట్యూబ్‌కు వస్తుంది. డీజే రీమిక్సులను బ్లాక్ చేయకండి, క్లెయిమ్‌లో పెట్టి రాబడి తీసుకోండి.

బావ 5 లక్షల లెక్క. మీకు వెయ్యి వ్యూస్‌కు 22, 23 రూపాయలు పడుతోంది. 5 లక్షలు తిరిగి రావాలంటే 2 కోట్ల 20 లక్షల వ్యూస్ కావాలి, రెండేళ్లలో వచ్చింది 61 లక్షలు. పైగా మీ ఖర్చు చూడండి: పాటకు 40 వేలలో 25 వేలు వీడియోకే పోయింది, పాట తయారీకి 15 వేలు. ఇది తిరగబడాలి. నేనైతే బావ దగ్గర 80 వేలు మాత్రమే, రాసిచ్చి, తీసుకోమంటాను. దాంతో మూడు పాటలు. లూప్ తీసేసి నిజమైన డప్పు, ఒగ్గు డోలు, తాళాలు. డప్పును నిప్పు సెగకు కాచి రికార్డింగుకు కూర్చోవాలి, చల్లబడితే చప్పుడు కుంగుతుంది, ఏసీ గదిలో ఇంకా తొందరగా. మధ్యలో మళ్లీ కాచేందుకు స్టూడియో బయట జాగ అడగండి. లావు చిర్ర దెబ్బ, సన్న సిటికెనపుల్ల చప్పుడు వేర్వేరుగా వినిపించాలి, అందుకు ఒక మైకు ముందు, ఒకటి వెనక. లెవెల్ గట్టి దెబ్బకు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. డప్పు కళాకారులకు రోజు కూలి కాకుండా పాట లెక్కన ఇచ్చి, వాళ్ల సంతకమూ తీసుకోండి. ఆ చప్పుడు ఇంకెవరి ట్రాక్‌లోనూ ఉండదు, అప్పుడు మీ పాటను మీరే కంటెంట్ ఐడీకి ఇవ్వగలరు. వీడియోకు ఊరి చెరువుగట్టు, ఒక్క పూట, ఒక్క కెమెరా చాలు.

బతుకమ్మ పాట అయితే ఎంగిలిపూలకు నెల ముందే బయటికి రావాలి. ఆడవాళ్లు పదం నేర్చుకోవాలి, కాలేజీ పిల్లలు స్టెప్పులు కట్టాలి. పండుగ ముందు రోజు వేసిన పాటను వచ్చే ఏడాది దాకా ఎవరూ వినరు.

కంపెనీకి ఇవాళే రెండు ముక్కలు రాసి పెట్టండి: ‘ఆసక్తి ఉంది, ఒప్పందం నమూనా పంపండి. మా కాగితాలు సిద్ధం కావడానికి 60 రోజులు పడుతుంది.’ నిజంగా కావాలనుకున్నవాళ్లు ఆగుతారు, ఆగకపోతే పండుగ ముందు మళ్లీ ఫోన్ చేస్తారు. ఈలోపు ములుగుకు ఒక్కరే కాదు, దోస్తును వెంటబెట్టుకుని పోండి. అక్క ముందు వాటా మాట ఇద్దరూ కలిసి చెప్పాలి.